గన్నవరం నుంచి సుందరయ్య: మూడు ఎన్నికలు

కృష్ణా జిల్లా గన్నవరం నియోజకవర్గం కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యను మూడుసార్లు శాసనసభకు పంపింది: 1955లో, 1962లో, 1978లో. మూడూ మూడు వేర్వేరు కాలాలు. మొదటిసారి ఆయన పార్టీ రాష్ట్రమంతటా చిత్తుగా ఓడిపోయింది. రెండోసారి అదే పార్టీ సభలో ప్రధాన ప్రతిపక్షంగా లేచి నిలబడింది. మూడోసారికి ఆ పార్టీ రెండుగా చీలి పద్నాలుగేళ్లయింది, ఆయనకు అరవై ఐదేళ్లు నిండవస్తున్నాయి. గాలి అనుకూలంగా ఉన్నప్పుడు గెలిచినవారు చాలామంది ఉన్నారు. ఎదురుగాలిలో గెలిచిన కొద్దిమందిలో సుందరయ్య ఒకరు. ఆయన ఎన్నికల కథ చదివితే, ఆంధ్ర దేశంలో ఓట్లు సీట్లుగా ఎలా మారాయో, ఎందుకు మారకుండా పోయాయో కూడా తెలుస్తుంది.

ఆయన గన్నవరం మనిషి కాదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913 మే 1న భూములున్న రెడ్డి కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆరేళ్ల వయసులో తండ్రి పోయారు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. వయసు చాలక బాల నేరస్థుల జైలుకు పంపారు. తర్వాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో ఆ ఉద్యమంలోకి వచ్చారు. పేరు చివరి కులపు తోక తీసేశారు, వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టారు. సొంత బంధువుల పొలాల్లో పనిచేసే కూలీల తరఫున కూలి రేట్ల గురించి మాట్లాడటమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1943లో బొంబాయిలో లీలను పెళ్లి చేసుకున్నారు. ఉద్యమానికి అడ్డురాకూడదని పిల్లలు వద్దనుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటం ఈ ధారావాహికలో వేరే భాగంలో వస్తుంది కనుక ఇక్కడ ఒక్క మాట చాలు: 1948 నుంచి పోరాటం ముగిసేదాకా ఆయన అజ్ఞాతవాసంలో ఉన్నారు. బయటికి రాగానే అడుగుపెట్టింది చట్టసభలోకే.

1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లే సభ్యుడిగా ఢిల్లీలో పేరు పడింది. అలవాటు ఢిల్లీలో మొదలైంది కాదు, ఢిల్లీతో పోయిందీ కాదు. విజయవాడలోనూ, తర్వాత హైదరాబాదులోనూ ఆయన సైకిల్ జనానికి పరిచయమే.

రాజ్యసభలో ఆయన ఉన్న మూడేళ్లలో ఆంధ్ర రాజకీయాలు తలకిందులయ్యాయి. 1952 సాధారణ ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 152 మాత్రమే. కమ్యూనిస్టులకు 62 వచ్చాయి, వాటిలో ఎక్కువ తెలుగు జిల్లాలవే. ఆ జిల్లాల్లో రెండు పార్టీలూ దాదాపు సమవుజ్జీలుగా నిలిచాయి. అనంతపురంలో కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డి, జైల్లో ఉండి పోటీచేసిన బావమరిది, కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం ఆయన ప్రభుత్వానికి ఉరితాడైంది. నిషేధంతో దెబ్బతిన్న కల్లుగీత కార్మికుల బతుకు గురించి గౌతు లచ్చన్న పోరాడుతున్నారు. 1954 నవంబరులో వచ్చిన అవిశ్వాస తీర్మానానికి కమ్యూనిస్టులు మద్దతిచ్చారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు పెట్టారు. రాజ్యసభను వదిలి సుందరయ్య గన్నవరం బరిలోకి దిగారు.

ఈ ఎన్నికలు దేశం మొత్తం కళ్లప్పగించి చూసినవి. కమ్యూనిస్టులు అధికారం కోసమే పోటీచేస్తున్నామని బాహాటంగా చెప్పారు. కాంగ్రెస్ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఎన్.జి. రంగా నాయకత్వంలోని కృషికార్ లోక్ పార్టీతో, ప్రకాశం ప్రజాపార్టీతో కలిసి ఐక్య కాంగ్రెస్ సంఘటన ఏర్పాటుచేసింది. ప్రచారం నడిపించడానికి బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చారు. నెహ్రూ పర్యటించారు. ఎన్నికలకు సరిగ్గా ముందు, జనవరిలో, ఆవడిలో జరిగిన కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజమే తమ లక్ష్యమని తీర్మానించింది. దాంతో కమ్యూనిస్టులు చెప్పే మాటల్లో సగం కాంగ్రెస్ వేదికల మీదకు వచ్చేసింది. అదే నెలలో సోవియట్ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని కరపత్రాలుగా అచ్చువేసి ఊరూరా పంచింది. మాస్కోవారే మెచ్చుకున్న నెహ్రూను ఇక్కడి కమ్యూనిస్టులు ఎందుకు తిడుతున్నారన్న ప్రశ్నకు ఊరి రచ్చబండ దగ్గర జవాబు చెప్పడం కార్యకర్తలకు కష్టమైంది.

పత్రికలు కూడా పక్షాలు పట్టాయి. ఆంధ్రప్రభ సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు కమ్యూనిస్టులపై పదునైన సంపాదకీయాలు రాశారు. ఎదుటివైపు విజయవాడ నుంచి వెలువడే కమ్యూనిస్టు పత్రిక విశాలాంధ్ర ఉంది. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఊళ్లలో నాటిన బుర్రకథ ఉంది. గుమ్మెట మోత వినబడితే చాలు, పార్టీ ఏదని అడగకుండానే జనం చేరేవారు. అయితే కథ వినడానికి వచ్చినవారంతా కంకి కొడవలికి ఓటేస్తారన్న లెక్క ఆ ఏడాది తప్పింది.

ఓటు వేసే పద్ధతి ఇప్పటి తరానికి వింతగా ఉంటుంది. అప్పట్లో ఓటుకాగితం మీద ముద్ర వేసే పని లేదు. పోలింగు కేంద్రంలో తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టేవారు. పెట్టె మీద గుర్తు బొమ్మ అంటించి ఉండేది: కాంగ్రెస్‌కు కాడి కట్టిన ఎడ్లు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. ఓటరు తెర చాటుకు వెళ్లి తనకిచ్చిన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి రావాలి. చదువు రాని ఓటర్లే ఎక్కువగా ఉన్న ఊళ్లలో ప్రచారమంటే ముఖ్యంగా గుర్తును కళ్లకు అలవాటు చేయడమే. గోడల మీద సున్నంతో, ఎర్రమట్టితో గుర్తు గీయడం, ఇంటింటికీ వెళ్లి ఏ పెట్టెలో వేయాలో ఓపికగా చెప్పడం కార్యకర్త పనిలో సగం. అభ్యర్థి పేరు గుర్తుండకపోయినా బొమ్మ గుర్తుంటే చాలు.

ఫలితాలు వచ్చాక కమ్యూనిస్టు శిబిరం నివ్వెరపోయింది. 196 స్థానాల్లో వారికి దక్కినవి 15. కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5 వచ్చాయి. కలిపితే 146. ప్రజా సోషలిస్టులు 13 చోట్ల, స్వతంత్రులు 22 చోట్ల గెలిచారు. ఈ అంకెలు చూసి ఆంధ్రలో కమ్యూనిజం పని అయిపోయిందని చాలామంది రాశారు. కాని పక్కనే ఇంకో అంకె ఉంది. కమ్యూనిస్టులకు పడిన ఓట్లు 31 శాతం, కాంగ్రెస్‌కు పడినవి 39 శాతం. ప్రతి పది ఓట్లలో మూడు పొందిన పార్టీకి ప్రతి పదమూడు సీట్లలో ఒకటి దక్కింది.

అలా ఎందుకైంది? 1952లో చాలాచోట్ల నలుగురైదుగురు పోటీపడ్డారు. వంద ఓట్లలో ముప్పై ఐదు వచ్చినవాడు, మిగతా అరవై ఐదు ముగ్గురి మధ్య చీలిపోతే గెలుస్తాడు. 1955లో కాంగ్రెస్ సంఘటన ఆ చీలికకు చోటివ్వలేదు. పోటీ ముఖాముఖి అయినప్పుడు ముప్పై ఐదు కాదు, నలభై ఐదు వచ్చినా ఓటమే. కమ్యూనిస్టుల ఓట్లు 1952 కన్నా తగ్గలేదు, పెరిగాయి కూడా. ఎదుటివారు ఒక్కటయ్యారు, అంతే. రెండేళ్ల తర్వాత కేరళలో ఇదే పార్టీ దాదాపు 35 శాతం ఓట్లతో 126 స్థానాల్లో 60 గెలిచి, స్వతంత్రుల మద్దతుతో ప్రభుత్వం ఏర్పాటుచేసింది. 31కీ 35కీ మధ్య ఉన్న తేడా నాలుగే. ఓటమి అన్న ఒక్క మాటతో 1955ను ముగించడం, ఆ మూడో వంతు ఓటర్లకు అన్యాయం చేయడమే.

ఆ పదిహేను మందిలో సుందరయ్య ఒకరు. గన్నవరం విజయవాడకు తూర్పున, ఏలూరు వెళ్లే దారిలో ఉంటుంది. ఒకవైపు ఏలూరు కాలువ కింద మాగాణి, మరోవైపు నూజివీడు దిక్కుగా మెట్ట. వానాకాలంలో బుడమేరు పొంగితే పంట మునుగుతుంది. కాలువకు నీరు ఆలస్యమైతే నారు ఎండుతుంది. 1952లో విజయవాడ దగ్గర పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీ కడుతున్న రోజులవి. నీటి గురించి మాట్లాడని అభ్యర్థిని ఆ ప్రాంత రైతు వినడు. నీటి లెక్కలు సుందరయ్యకు కొట్టిన పిండి. 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకంలో తెలుగు నేలంతటికీ నదీజలాల వినియోగంతో సహా ఒక అభివృద్ధి చిత్రం గీశారాయన.

కులం లెక్క కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికన్ రచయిత సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి రాసిన వ్యాసం చాలా పేరు పొందింది. డెల్టాలో పార్టీ నాయకత్వం ప్రధానంగా కమ్మవారిదనీ, కాంగ్రెస్‌తో పోరు వెనుక కమ్మ, రెడ్డి కులాల పోటీ ఉందనీ ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. కాని గన్నవరం ఆ చట్రంలో సరిగా ఇమడదు. కమ్మ రైతుల ప్రాబల్యం ఉన్న నియోజకవర్గంలో, నెల్లూరు రెడ్డి కుటుంబంలో పుట్టి ఆ పేరును వదులుకున్న మనిషి, పార్టీకి గాలి ఎదురుతిరిగిన ఏడాదే గెలిచాడు. వ్యవసాయ కూలీల ఓటు, చిన్న రైతు ఓటు, ఆయన నిరాడంబర జీవితం మీద ఊళ్లలో ఉన్న గౌరవం ఈ మూడూ కలిస్తే తప్ప అది సాధ్యం కాదు.

కర్నూలులో కొలువైన సభలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి. ఆయనది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం. అధికార పక్షం ముందు వరసలో, ప్రతిపక్షం ముందు వరసలో ఒకే జిల్లావాళ్లు కూర్చున్నారు. పదిహేను మందితో కమ్యూనిస్టులే ప్రతిపక్షంలో పెద్ద పార్టీ, సుందరయ్య వారి నాయకుడు. సంఖ్య చాలని చోట ఆయన సమాచారాన్ని ఆయుధం చేసుకున్నారు. బడ్జెట్ పుస్తకాలు, శాఖల నివేదికలు క్షుణ్ణంగా చదివి వచ్చేవారు. ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలు, ఏ పద్దు కింద ఎంత ఖర్చు అన్న వివరాలతో మాట్లాడేవారు. ఆరోపణ చేస్తే అంకె చూపించడం ఆయన పద్ధతి. అందుకే ఆయన లేచినప్పుడు మంత్రులు జాగ్రత్తగా వినాల్సివచ్చేది.

ఒక విషయంలో రెండు పక్షాలూ కలిశాయి. 1955 నవంబరు 25న ఆంధ్ర శాసనసభ, తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం కావాలనే విశాలాంధ్ర తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. దశాబ్దకాలంగా కమ్యూనిస్టులు వినిపిస్తున్న కోరిక అది. అయితే తెలంగాణలో దీనిపై వేరే అభిప్రాయం బలంగా ఉండేది. దాని పరిణామాలు దశాబ్దాల పాటు సాగాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సభ హైదరాబాదుకు మారింది. 1957లో తెలంగాణ స్థానాలకు మాత్రమే ఎన్నికలు జరిపి, ఆంధ్ర ప్రాంత సభ్యులను 1962 దాకా కొనసాగించారు. ఐదేళ్లకని ఎన్నికైన సుందరయ్య ఆ విధంగా ఏడేళ్లు సభలో ఉన్నారు.

1962 ఎన్నికల నాటికి పెట్టెల పద్ధతి పోయింది. అందరి గుర్తులూ ఉన్న ఒకే ఓటుకాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. 1955 నాటి కాంగ్రెస్ సంఘటన కూడా చెదిరిపోయింది. రంగా, లచ్చన్న 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీలోకి వెళ్లారు. మళ్లీ బహుముఖ పోటీలు వచ్చాయి. మొత్తం 300 స్థానాల్లో కాంగ్రెస్‌కు 177, కమ్యూనిస్టులకు 51, స్వతంత్ర పార్టీకి 19 వచ్చాయి. గన్నవరం నుంచి సుందరయ్య మళ్లీ గెలిచారు. ఇక్కడ ఓట్ల లెక్క ఒకసారి చూడాలి: కమ్యూనిస్టులకు 20 శాతం లోపే ఓట్లు వచ్చాయి. తెలంగాణ కలిసింది కాబట్టి 1955 అంకెతో దీన్ని నేరుగా పోల్చలేం. అయినా 31 శాతానికి 15 సీట్లు, 20 శాతం లోపుకు 51 సీట్లు అన్నప్పుడు, సీట్లను బట్టి ప్రజాభిప్రాయాన్ని కొలవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. దురదృష్టం ఏమిటంటే, 1955లో పార్టీని తీసిపారేసిన వ్యాఖ్యాతలే కాదు, 1962లో పొంగిపోయినవారు కూడా ఈ అంకెను పట్టించుకోలేదు.

గెలిచిన ఆ ఏడాదే భూమిశిస్తు మీద ప్రభుత్వం అదనపు భారం మోపే చట్టం తెచ్చింది. కమ్యూనిస్టులు సభలోనూ బయటా దాన్ని ఎదిరించారు. ఆ వేడి చల్లారకముందే చైనాతో యుద్ధం వచ్చింది. 1962 నవంబరులో దేశమంతటా కమ్యూనిస్టు నాయకుల అరెస్టులు సాగాయి. సుందరయ్య కూడా జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక పార్టీ చీలిక ఆయన్ను పూర్తిగా లాక్కుంది. 1964 ఏప్రిల్‌లో జాతీయ సమితి నుంచి బయటికి నడిచిన 32 మందిలో ఆయన ఒకరు. ఆ జులైలో తెనాలిలో సదస్సు జరిగింది. అక్టోబరు చివర, నవంబరు మొదట కలకత్తాలో జరిగిన మహాసభ ఆయన్ను కొత్త పార్టీ సీపీఎంకు ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. కొద్ది వారాల్లోనే మళ్లీ అరెస్టు. 1966 మేలో గాని విడుదల కాలేదు. ఐదేళ్ల పదవీకాలంలో పెద్ద భాగం జైలుగోడల మధ్య, అఖిల భారత బాధ్యతల మధ్య గడిచిపోయింది. గన్నవరం ఓటరుకు దక్కవలసిన ప్రతినిధి దక్కలేదన్నది నిజం. ఆ లోటుకు ఆయన కన్నా ప్రభుత్వానిదే ఎక్కువ బాధ్యత.

1967 ఎన్నికల్లో విడివిడిగా పోటీచేసిన రెండు కమ్యూనిస్టు పార్టీలకూ కలిపి వచ్చినవి 20 స్థానాలు: సీపీఐకి 11, సీపీఎంకు 9. ఐదేళ్ల కిందటి 51 ఎక్కడ, ఈ 20 ఎక్కడ. ఆ తర్వాత సుందరయ్య పదకొండేళ్లు శాసనసభకు దూరంగా ఉన్నారు. 1972లో తెలంగాణ పోరాటం మీద పెద్ద గ్రంథాన్ని ఆంగ్లంలో ప్రచురించారు. 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఎవరికి ఎంత భూమి, ఎవరు ఎవరి దగ్గర ఎన్ని రోజులు కూలికి వెళ్తున్నారు అన్న వివరాలు ఇంటింటికీ తిరిగి సేకరింపజేశారు. పార్టీ నాయకుడే స్వయంగా అర్థశాస్త్ర పరిశోధకుడిలా ఒక ఊరిని చదవడం అరుదు. మూడు దశాబ్దాల తర్వాత 2005లో పరిశోధకులు అదే ఊరికి తిరిగి వెళ్లి పోల్చి చూడగలిగారంటే, ఆ పనికి ఉన్న విలువ అర్థమవుతుంది.

1975లో ఎమర్జెన్సీ వచ్చింది. ఆయన మళ్లీ అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇందిరాగాంధీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా జనసంఘ్, ఆర్.ఎస్.ఎస్.లతో కలిసి నడవడంపై పార్టీ నాయకత్వంతో తీవ్రంగా విభేదించి ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. పదవి వదిలినా పార్టీని వదలలేదు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి రాష్ట్ర కార్యదర్శిగా పనిచేశారు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అధికార లెక్కల్లోనే పదివేల మంది వరకు చనిపోయారు. ఉప్పుటేర్ల పక్కన, పొలాల్లో శవాలు, పశువుల కళేబరాలు కుప్పలుగా పడ్డాయి. పార్టీ కార్యకర్తలతో కలిసి సుందరయ్య సహాయక శిబిరాల్లో పనిచేశారు. మూడు నెలలు తిరిగేసరికి, 1978 ఫిబ్రవరిలో, శాసనసభ ఎన్నికలు వచ్చాయి.

ఆ ఎన్నికల్లో గుర్తులే మారిపోయాయి. చీలిపోయిన కాంగ్రెస్‌లో ఇందిరాగాంధీ వర్గం చేయి గుర్తుతో తొలిసారి బరిలోకి దిగింది. కేంద్రంలో అధికారంలో ఉన్న జనతా పార్టీకి నాగలి పట్టిన రైతు గుర్తు. సుందరయ్యకు కంకి కొడవలి స్థానంలో సుత్తి, కొడవలి, నక్షత్రం వచ్చాయి. పదహారేళ్ల కిందట ఆయనకు ఓటేసినవారికి కొత్త గుర్తు నేర్పాలి, 1962లో ఊళ్లలో బడి పిల్లలుగా తిరిగినవారు ఓటర్లయ్యారు, వాళ్లకు మనిషినే పరిచయం చేయాలి. అయినా గన్నవరం మూడోసారి ఆయన్నే ఎన్నుకుంది. 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెస్ 175 గెలిచింది, జనతాకు 60 వచ్చాయి. సీపీఎంకు 8, సీపీఐకి 6. ఎనిమిది మందితో సభలో కూర్చున్న సుందరయ్యకు, 1955లో పదిహేను మందితో కూర్చున్న రోజులు గుర్తుండే ఉంటాయి.

ఆ ఐదేళ్లలో రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ మాట మీద ముఖ్యమంత్రులు మారుతున్న కాలంలో సభలో చర్చ పలచబడింది. భూసంస్కరణల అమలు, కూలి రేట్లు, కరువు, సాగునీరు మీద సుందరయ్య ధోరణి మాత్రం కర్నూలు రోజుల్లో ఉన్నట్టే ఉంది: కాగితాలు చదవడం, అంకె చూపడం, జవాబు అడగడం.

1983 జనవరిలో తెలుగుదేశం ప్రభంజనం వీచింది. సుందరయ్య శాసనసభా జీవితం అంతటితో ముగిసింది, గన్నవరం తెలుగుదేశం వశమైంది. రాష్ట్ర కార్యదర్శి బాధ్యతల్లో ఆయన చివరిదాకా కొనసాగారు. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట ఏర్పడిన విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఆంధ్ర, తెలంగాణ ఉద్యమాల మీద పనిచేసే పరిశోధకులకు ఒక ముఖ్య ఆధారంగా నిలిచింది.